రెండు నదుల సరస్సు కడ ఒక దినము

టొరంటో నగరము నుండి ఉత్తరముగా మూడు గంటలు కారులో ప్రయాణము చేసినచో పంటపొలములు పలుచబడును. నేల నుండి బండలు పైకి లేచును. అడవి దారికి ఇరువైపుల దగ్గరగా వచ్చి నిలుచును. పిమ్మట ఒక ద్వారము కానవచ్చును. అచట రుసుము చెల్లించి, ఆ ఒక్క దినమునకే చెల్లునట్టి అనుమతిపత్రమును పుచ్చుకొని, దానిని కారు ముందద్దము వెనుక కనబడునట్లు ఉంచి లోనికి పోవలెను. కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రమునకు చెందిన ఆల్గాంక్విన్ వనము ఇది. దీని విస్తీర్ణము 7,600 చదరపు కిలోమీటర్లకు పైమాట. ఇందు వెయ్యికి మించిన సరస్సులు కలవు. దక్షిణ భాగమున అడ్డముగా పోవు 56 కిలోమీటర్ల రాజమార్గమును విడిచినచో, వచ్చి చూచువారికి తక్కిన వనమంతయు చాలవరకు కాలినడకకును, చిన్న దోనెలకును మాత్రమే లొంగునట్టిది.

ఆ రాజమార్గము ప్రక్కన, ఇంచుమించు నడుమ భాగమున, రెండు నదుల సరస్సు అనునది కలదు. మడవాస్కా నదియు, ఉత్తర మడవాస్కా అను ఏరును వచ్చి ఇందు చేరుచున్నవి గనుక ఆ పేరు. ఇసుక ఒడ్డు, పైన్ వృక్షముల నీడ, కూర్చుండి భుజించుటకు కొయ్యబల్లలు—ఉదయము వచ్చి, ఈదులాడి, భోజనము చేసి, చీకటి పడకముందు మరలిపోవువారికై ఏర్పరచిన తావు అది. టొరంటో పరిసరములందు స్థిరపడిన మన తెలుగు కుటుంబములు ఆకులు రంగు మారు దినములలో ఈ వనమునకు వచ్చుట కద్దు. పులిహోరయు పెరుగన్నమును డబ్బాలలో సర్దుకొని వచ్చి, చెట్ల క్రింద బంతి తీర్చి కూర్చుండి తిని పోవుదురు. మన కార్తిక వనభోజనమునకును దీనికిని ఉసిరిచెట్టు లేని లోటొక్కటే అని ఒక ఇల్లాలు మాతో నవ్వుచు అనిరి.

మేము అచటికి వెళ్లినది సెప్టెంబరు మాసాంతమున. పడమటి కొండలపై మేపుల్ చెట్లు కుంకుమ ఆరబోసినట్లుండెను. సరస్సుపై పలుచని మంచుతెర తొలగుచుండెను. నడుమ ఎచటనో లూన్ అను నీటిపక్షి ఒక్కసారి కూసి ఊరకుండెను. మనుష్యుని చేయి తగులని ప్రకృతిని ఎట్టయెదుట చూచుచున్నామని మాకు తోచెను. చూడవచ్చిన వారందరికిని తోచు భావమే అది.

భోజనానంతరము ఒడ్డు వెంబడి సైకిళ్లు పోవు బాటపై నడచితిమి. అడవిదారి యనగా ఎక్కుచు, దిగుచు, వంకరలు తిరుగుచు పోవలెను గదా! ఈ బాట అట్లు లేదు. సమతలముగా సాగుచున్నది. బండ అడ్డమైనచోట బండను చీల్చుకొని పోవుచున్నది. బురదనేల వచ్చినచోట గట్టి కట్టపై కెక్కి పోవుచున్నది. వంపు తిరుగవలసినచో ఎంతో దూరము నుండి మెల్లమెల్లగా తిరుగుచున్నది. సైకిలు కొరకు ఎవ్వరును ఇంత శ్రమపడి దారి వేయరు. అది ఒకప్పుడు రైళ్లు నడచిన దారి. మనుష్యుని చేయి తగులలేదని మేము ఉదయమున తలచిన ఒడ్డుననే ఆవిరి యంత్రములు పరుగెత్తినవి. ఈ అడవికి రైలేల వచ్చెను? వచ్చినది ఏల పోయెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకబోయినచో ఈ వనము చరిత్ర యావత్తు బయటపడుచున్నది.

కథ ఐరోపాఖండమున మొదలైనది. 1806లో నెపోలియను ఆంగ్లేయుల వర్తకమునకు ఐరోపా రేవులను మూసివేసెను. బాల్టిక్ సముద్రతీరముల నుండి వచ్చుచుండిన కలప బ్రిటనునకు దుర్లభమయ్యెను. ఓడలకు స్తంభములు కావలెను, ఇండ్లకు దూలములు కావలెను. అప్పుడు వారి దృష్టి కెనడా అడవులపై పడెను. ఇచటి తెల్ల పైన్ వృక్షములు తాళ్లవలె నిటారుగా పెరిగినవి. కొయ్య తేలిక, నీటిపై చక్కగా తేలును. ఒట్టావా నది మొదలుకొని దాని ఉపనదుల వెంట పైపైకి ఎగబ్రాకుచు గొడ్డలి 1830 ప్రాంతమునకు ఈ ఎత్తుప్రదేశమును చేరెను.

శరత్కాలమున కూలివారు అడవిలోనికి పోయి, మంచు కరగు వరకు మరలి వచ్చెడివారు కారు. దుంగలు పేర్చి కట్టిన ఒక్క పెద్ద గదిలో నలువదియేబది మంది నివసించిరి. నడుమ ఆరని మంట, పైకప్పున పొగ పోవుటకు ఒక రంధ్రము, గోడల వెంబడి పడకలు. చిక్కుడు గింజలు, పంది మాంసము, రొట్టె, తేనీరు—ఇదియే ఆహారము. పడగొట్టిన మ్రానును వెడల్పు గొడ్డలితో నలుపలకలుగా చెక్కెడివారు. ఓడలో చక్కగా అమరవలెనని ఈ ఏర్పాటు. చెట్టులో నాలుగవ వంతుకు పైగా పేళ్లగా రాలి అడవిలోనే పడియుండెడిది. అది ఎండి వేసవిలో కార్చిచ్చునకు మేతయయ్యెడిది. వసంతమున ఏళ్లు పొంగగనే దుంగలను నీటిలోనికి దొర్లించిరి. ఈ సరస్సు నీరు మడవాస్కాతో పోయి ఒట్టావా నదిలో, అచట నుండి సెయింట్ లారెన్సులో కలిసి సముద్రమును చేరుచున్నది. కలపయు అదే దారిని క్విబెక్కు రేవునకును, అచట నుండి ఓడలలో బ్రిటనునకును పోయెను. దుంగలు ఇరుకున చిక్కుకొన్నప్పుడు విడదీయబోయి ప్రవాహమున పడి మరణించిన వారిని ఆ ఒడ్డులనే పాతిపెట్టిరి. ఒట్టావా నదిపై నలుపలకల కలప తెప్ప కడసారిగా పోయినది 1908లో. అప్పటికి ఆ మహావృక్షములలో పెక్కింటికి మోడులే మిగిలినవి.

ఈ అడవిని కాపాడవలెనని మొట్టమొదట గట్టిగా చెప్పినవాడు ప్రభుత్వ భూముల శాఖలో గుమాస్తాగా నుండిన అలెగ్జాండర్ కర్క్‌వుడ్. 1886లో ఆయన తన పై అధికారికి ఒక లేఖ వ్రాసి అచ్చువేయించెను. అనేక నదులు ఈ ఎత్తుప్రదేశముననే పుట్టుచున్నవి. ఇచట అడవి పోయినచో క్రింది పల్లపు భూములలో నీటికి కరవు వచ్చును. కావున దీనిని ఒక వనముగా నిలిపి ఉంచవలెను—ఇది ఆయన వాదము. జేమ్స్ డిక్సన్ అను భూమికొలతల అధికారి అచట తిరిగి చూచినవాడు. ఆయనయు దీనిని బలపరచెను. 1892లో ఒక విచారణ సంఘము ఏర్పడెను. 1893లో ఒంటారియో శాసనసభ చట్టము చేసెను. ఆ రాష్ట్రమున ఈ విధమైన వనములలో ఇదియే మొదటిది.

అయితే ఆ చట్టము ఎవరి నుండి అడవిని కాపాడినదో మనము గమనింపవలెను. కలప వర్తకుల నుండి కాదు. వారి హక్కులు పదిలముగనే ఉన్నవి. వారిలో పలువురు ఈ చట్టమునకు సంతసించిరి కూడ. చట్టము అడ్డగించినది వ్యవసాయము చేయవచ్చు కాపులను. కాపు వచ్చినచో చెట్లు కొట్టి తగులబెట్టును. ఆ నిప్పు అడవికంటును. వర్తకుని పైన్ చెట్లు మసియగును. కావున గొడ్డలి లోపల ఉండవచ్చును, నాగలి మాత్రము రాకూడదు. నదుల పుట్టుకచోట్లను, వన్యమృగములను కాపాడు సదుద్దేశము అందు లేకపోలేదు. బీవర్ అను జంతువు చర్మము కొరకు వేటాడబడి అప్పటికి కరవైపోయెను. వనరక్షకుల కాపుదలచే కొలదికాలముననే అది మరల వృద్ధిపొందెను. ఒకే చట్టములో దయయు, లాభమును ప్రక్కప్రక్కన కూర్చుండినవి.

ఆ చట్టము అడ్డగించిన వారు మఱియొకరు కూడ కలరు. వారి పేరే ఈ వనమునకు పెట్టిరి. ఆల్గాంక్విన్ జాతివారు ఒట్టావా నదీ ప్రాంతమున తరతరములుగా నివసించినవారు. వేసవిలో పెద్ద నదుల ఒడ్డున కూడి, చలికాలమున ఒక్కొక్క కుటుంబము తన తన ఏటివాలునకు పోయి వేటాడి జీవించెడివారు. భూర్జవృక్షపు బెరడుతో కట్టిన వారి దోనె ఎంత తేలిక యనగా, ఒక సరస్సు నుండి మఱియొక సరస్సునకు ఒక్క మనిషి దానిని తలపై మోసికొని పోగలడు. నేడు వినోదమునకై వచ్చువారు తొక్కు దోనెబాటలలో అనేకములు ఆ జాతివారి పాదములు త్రొక్కినవే. తమ భూములను తాము ఎవ్వరికిని ఒప్పగింపలేదని, ఇతరులు వచ్చి ఆక్రమించుచున్నారని వారు 1772 నుండియు ప్రభువులకు విన్నపములు పంపుకొనుచుండిరి. 1873లో గోల్డెన్ లేక్ కడ వారికొక చిన్న భూభాగము ఏర్పడెను. ఈ ఎత్తుప్రదేశమున, లారెన్స్ అను మండలములో, తమకు కొంత నేల ఈయవలసినదని కొన్ని కుటుంబములు అడిగినవి. ఆ కోరిక నెరవేరలేదు. వనము ఏర్పడిన పిమ్మట తాతతండ్రులు వేటాడినచోట వేటాడుట నేరమయ్యెను. వేటకాడు దొంగవేటకాడని పిలువబడెను.

ఆ విన్నపములు అంతటితో ఆగలేదు. 1983లో వారు మరల తమ హక్కు పత్రమును కెనడా ప్రభుత్వము ముందు పెట్టిరి. 1991లో వనము తూర్పు భాగమున వేటకు సంబంధించి రాష్ట్ర ప్రభుత్వముతో ఒక ఒప్పందము కుదిరెను. 2016 అక్టోబరులో కెనడా, ఒంటారియో ప్రభుత్వములును ఆల్గాంక్విన్ ప్రతినిధులును మూలసూత్రములపై ఒడంబడికకు చేవ్రాళ్లు చేసిరి. వనము వనముగనే అందరి కొరకు నిలుచుననియు, దాని పాలనలో ఆ జాతివారికిని పాలుండవలెననియు అందలి తాత్పర్యము. తుది ఒడంబడికకై చర్చలు ఆ తరువాతను సాగినవి. ఒక విన్నపము వయస్సు రెండు వందల ఏండ్లు దాటుట చరిత్రలో ఎంత అరుదో శ్రోతలు ఊహింపగలరు.

ఇక రైలు సంగతి. ఒట్టావా నగరమున జాన్ రుడాల్ఫస్ బూత్ అను కలప వర్తకుడుండెను. ఆయన 1827లో పుట్టి 1925 వరకు జీవించెను. ఏరు పొంగువరకు కాచుకొనియుండుట ఆయనకు సరిపడలేదు. ఒట్టావా నుండి హ్యూరన్ సరస్సులోని జార్జియన్ అఖాతము వరకు, వనము గుండా, తన సొంత రైలుదారిని వేయించెను. 1896 నాటికి అది ఈ సరస్సు ఒడ్డును దాటి పోయెను. కలపయే గాక పడమటి మైదానముల గోధుమలు కూడ ఆ దారిని తూర్పు రేవులకు పోయినవి. ఒక దశలో ఇరువది నిమిషములకొక రైలు పోయెడిదని చెప్పుదురు. నేడు సైకిలుపై పోవు బాలుడు గంట మ్రోగించుచు తిరుగు మలుపున నాడు ధాన్యపు బండ్లు వరుసకట్టి దొర్లినవి.

గోధుమలు పోవు దారిన మనుష్యులును వచ్చిరి. నగరపు పొగకును ఎండకును దూరముగా కొలది దినములు గడుపగోరిన సంపన్నులు వేసవిలో రైలెక్కి వచ్చిరి. వారికొరకు 1908లో కాష్ సరస్సు కడ హైలాండ్ ఇన్ అను పెద్ద విడిది వెలసెను. అడవిని చూచుటకై అడవికి వచ్చు ఆచారము ఇచట ఆ విధముగా స్థిరపడెను.

ఆ రైలులో వచ్చినవారిలో ఒకడు టామ్ థామ్సన్. టొరంటోలో అచ్చుబొమ్మల పని చేయు ఈ యువకుడు 1912లో మొదటిసారి ఇచటికి వచ్చి, ఏటేట రాసాగెను. దోనెపై తిరుగుచు, చిన్న కొయ్యపలకలపై అక్కడికక్కడనే రంగులు దిద్ది, చలికాలమున నగరములో వానిలో కొన్నింటిని పెద్ద చిత్రములుగా వ్రాసెడివాడు. పొట్టకూటికి ఒకయేడు కార్చిచ్చులను కాచు ఉద్యోగము కూడ చేసెను. 1917 జులై 8వ తేదీన కెనూ సరస్సుపై ఒంటరిగా దోనెలో పోయినవాడు మరల రాలేదు. ఎనిమిది దినములకు శవము తేలెను. నలుబది యేండ్లు నిండకుండగనే ఆయన పోయెను. ఎట్లు పోయెనను వాదము నేటికిని తీరలేదు. ఆయన మిత్రులు 1920లో ఏడుగురి బృందముగా ఏర్పడి కెనడా చిత్రకళకు కొత్త త్రోవ తీసిరి. ఆయన వ్రాసిన ఒంటరి పైన్ చెట్టు చిత్రము ఆ దేశపు పాఠశాల బాలలందరును ఎరిగినదే. గమనింపదగిన విశేషమేమనగా, ఆయన చూచినది నరికివేయబడిన అడవి. మోడులు, కాలిన నేలలు, దుంగలను ఆపు ఆనకట్టలు, కలపకూలీల బసలు—ఇవియు ఆయన పలకలపై ఉన్నవి. చూడవచ్చినవారు మాత్రము ఆ చిత్రముల నుండి నిర్జనారణ్యమును మాత్రమే ఇంటికి తీసికొనిపోయిరి.

1930 తరువాతి ఆర్థికమాంద్యకాలమున పనిలేని వారికి పని కల్పించుటకై వనము గుండా రాజమార్గము వేయబడెను. 1933లో కాష్ సరస్సు కడ ఒక రైలు వంతెన దెబ్బతినగా దానిని బాగుచేయలేదు. కారు వచ్చెను, రైలు పోయెను. సంపన్నుల విడిది స్థానమున సామాన్య కుటుంబముల గుడారములును, పగటి విడుదులును వచ్చినవి. 1954లో ప్రభుత్వము వనము లోపల ఇకపై కట్టడములకు కొత్త కవుళ్లు ఈయరాదని నిశ్చయించెను. హైలాండ్ ఇన్‌ను కొనివేసి 1957లో పడగొట్టిరి. అది ఉన్నచోట నేడు పైన్ చెట్లు పెరిగినవి. తెలియనివారు ఆ చెట్లను అనాదివని అనుకొందురు.

కలప నరకుట నిలిచినదా? నిలువలేదు. 1968లో కొందరు పౌరులు సంఘముగా ఏర్పడి దీనికి ఎదురు నిలిచిరి. పెద్ద వాదము నడచినది. ఒక ప్రక్క అడవి, మఱియొక ప్రక్క చుట్టుప్రక్కల గ్రామముల వారి జీవనోపాధి. 1974లో ఒక ప్రణాళిక వచ్చెను. కంపెనీల అనుమతులు రద్దయి, నరకుట యంతయు ఒక ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చెను. నేటికిని వనములో దాదాపు మూడింట రెండు వంతులు కలప తీయవచ్చు మండలముగా ఉన్నది. కాని సరస్సుల ఒడ్డునను, రాజమార్గమునకు ఇరువైపులను చెట్లను నరుకరాదు. కావున పగటిపూట వచ్చి పోవువాని కంటికి మోడు కానరాదు, రంపపు మ్రోత వినరాదు. అతడు చూచు అడవి నిజమైన అడవియే. అయినను అది ఒక తెర కూడ అని ఎరిగి చూచుట మేలు.

ఇంత చెప్పి, ఈ వనమున మంచి మార్పు రాలేదనినచో అన్యాయమగును. ధ్వనియే వృత్తిగా గల మాబోటివారి మనస్సునకు మిక్కిలి హత్తుకొన్న మార్పు ఒకటి కలదు. దశాబ్దముల తరబడి ఇచటి వనరక్షకులే తోడేళ్లను ఉచ్చులు పన్ని, విషము పెట్టి చంపిరి. లేళ్లను కాపాడవలెనన్నచో తోడేలు చావవలెనని నాటి విశ్వాసము. 1958లో డగ్లస్ పింలాట్ అను శాస్త్రజ్ఞుడు వానిని చంపుటకు మారు పరిశీలింప మొదలిడెను. దట్టమైన అడవిలో తోడేలు కంటబడదు. అందుచేత ఆయన బృందము తోడేళ్ల కూతలను రికార్డు చేసి ధ్వనివర్ధకముపై వినిపించెను. అడవిలోని తోడేళ్లు బదులు పలికినవి! మనుష్యుడు గొంతెత్తి అనుకరించినను బదులు పలికినవి.

1963 ఆగస్టులో వనాధికారులు ఈ వింతను వినగోరువారు రావచ్చునని ప్రకటించిరి. ఏ కొద్దిమందియో వచ్చెదరని తలచగా వందలాదిగా జనులు వచ్చిరి. నాటి నుండి ఆగస్టు మాసపు గురువారములందు, తోడేళ్ల జాడ ముందుగా తెలిసినచో, ఆ కార్యక్రమము జరుపుట ఆచారమైనది. కార్లు రాజమార్గము ప్రక్కన చీకటిలో బారులు తీరి నిలుచును. యంత్రములు ఆపుదురు. ఒక్కొక్కప్పుడు వేయిమందికి పైగా జనము—పిల్లలు, వృద్ధులు—ఊపిరి బిగపట్టి నిలుతురు. ఒక ఉద్యోగి దోసిలి నోటికి చేర్చి కూయును. నిశ్శబ్దము. మరల కూయును. దూరమున, కొండ కావలి నుండి, ఒక గొంతు లేచును. దానితో పిల్లల గొంతులును కలియును. తాతలు ఏ కూత విని తుపాకి అందుకొనిరో, ఆ కూత కొరకు మనుమలు చీకటిలో చెవియొగ్గి నిలిచిరి. తరువాతి కాలమున, 2001లో, వనము దాటి వెలుపలికి పోయిన తోడేళ్లకు కూడ చుట్టుప్రక్కల మండలములలో రక్షణ కల్పించిరి.

వినుటకే మఱియొక కట్టడము కూడ ఈ వనమున లేచినది. 1966లో ట్రావర్స్ సరస్సు ప్రక్కన 46 మీటర్ల వెడల్పుగల రేడియో దూరదర్శినిని నిర్మించిరి. నక్షత్రముల నుండి వచ్చు మిక్కిలి సన్నని రేడియో తరంగములను గ్రహించుటకు నగరపు రేడియో రొద దూరముగా నుండవలెను గదా! 1967లో దీనిని దేశపు పడమటి కొసనున్న మఱియొక దూరదర్శినితో జతపరచి, మూడువేల కిలోమీటర్ల ఎడముతో ఆకాశమును పరిశీలించిరి. మన ఇండ్లలో రేడియో పెట్టెకు తరంగములను పంపువారము మేము. ఎవ్వరును పంపని తరంగములను వినుటకు మనుష్యుడు ఈ అడవికి రావలసి వచ్చెను.

సాయంకాలమగుచుండెను. బల్లలపై మిగిలిన అన్నపు మెతుకులను సైతము ఎత్తి, మూతగల చెత్తపెట్టెలలో వేసి రమ్మని అచట హెచ్చరిక కలదు. వాసనకు ఎలుగుబంట్లు వచ్చును. మాతో వచ్చిన కుటుంబములవారు చాపలు దులిపి చుట్టుకొనిరి. మేము మరల ఒకసారి ఆ సమతలపు బాటపై కొంతదూరము నడచితిమి. రైలు కంకరపై రెండు శరత్తుల ఆకులు పడియున్నవి. క్రిందివి నల్లబడినవి, పైవి ఎఱ్ఱనివి. బండను చీల్చినచోట గోడపై నాచు పట్టినది.

ఉదయమున మేము చూచినది మనుష్యుడు రాని చోటు అనుకొంటిమి. అది మనుష్యులు వచ్చి, కొందరు తరిమివేయబడి, కొందరు ధనము గడించి, కొందరు ప్రాణము విడిచి, తుదకు కొంత తగ్గి నిలిచిన చోటు. ఆ తగ్గుట ఇంకను పూర్తి కాలేదు. నేల అడిగినవారి లెక్కయు పూర్తిగా తేలలేదు. అయినను బారులు తీరిన కార్ల యంత్రములు ఒక తోడేలు కొరకు ఒకేసారి ఆగుట సామాన్యమైన సంగతి కాదు.

చీకటి పడకమునుపే ద్వారము దాటితిమి. ముందద్దము వెనుకనున్న అనుమతిపత్రముపై ఆనాటి తేదీ మాత్రమే ఉండెను. మఱునాడు అది చెల్లదు. ఈ పర్యాయము అచటికి వెళ్లు మన వారు భోజనమైన పిమ్మట ఆ బాటపై పది నిమిషములు నడచి రావలెనని మా మనవి.